తొమ్మిదిమందికి అమ్మమ్మ

ఇలా దగ్గరికి జరగండి. చేతిలో పనుంటే పనితోనే రండి. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినొచ్చు, బట్టలు మడతపెడుతూ వినొచ్చు. చెవి ఒక్కటి నాకిస్తే చాలు.

నేను చదివింది ఐదో తరగతి. ఆరుకి పక్క ఊరు వెళ్ళాలి, మధ్యలో కాలువ ఉంది, వంతెన లేదు. అంతటితో నా చదువు సరి. అలాంటి నేను ఒక హైస్కూలు క్లాసు మొత్తం తొమ్మిదో తరగతిలో చేరిన రోజు నుంచి పన్నెండు గట్టెక్కిన రోజు దాకా పక్కనే ఉండి చూశాను. అదీ సముద్రాల అవతల ఈ ఎటోబికో అనే ఊళ్ళో, నెత్తి మీద విమానాలు పోతూనే ఉండే మా అమ్మాయి ఇంట్లో.

మా మనవరాలు చేరింది పెద్ద బడి లోపల ఉన్న ఒక చిన్న బడి. అంత పెద్ద భవనంలో ఒక మూల రెండు గదులు. ఆ గదుల్లో చేరినవాళ్ళు నాలుగేళ్ళూ ఒకే జట్టుగా, ఒకే టీచరమ్మ దగ్గర ఉంటారు. ఆ ఏడు చేరింది తొమ్మిదిమంది. మా అమ్మాయికి అది నచ్చలేదు. తొమ్మిదిమంది క్లాసేంటమ్మా, వరండాలో ట్యూషన్‌లా ఉంది అని గొణిగింది. నాకు మాత్రం బాగుందనిపించింది. తొమ్మిదిమందయితే ఒక్క బాండీలో వంట సరిపోతుంది.

మొదటి నెలలో తల్లిదండ్రుల్ని పిలిచారు. నేనూ వెళ్ళాను. టీచరమ్మ పొట్టి తెల్లజుట్టు మనిషి, నవ్విందంటే గది అవతలికి వినిపిస్తుంది. ఆవిడ రెండు మాటలు చెప్పింది, మా అమ్మాయి నా చెవిలో తెలుగు చేసింది. ఒకటి, తొమ్మిదిమంది లోపలికి వచ్చారు, తొమ్మిదిమందీ కలిసే బయటికి నడవాలి. రెండు, ఈ నాలుగేళ్ళలో ప్రతి పిల్లా నలభై గంటలు ఊరికే ఎవరికైనా సాయం చేయాలి. ఇంట్లో పని లెక్కలోకి రాదు, బయటివాళ్ళకి చేయాలి, పెద్దవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి. అవి లేకపోతే ఎన్ని మార్కులొచ్చినా పట్టా ఇవ్వరు.

నాకు నవ్వొచ్చింది. సాయానికి గంటలేమిటి? మా వైపు పెళ్ళికి ముందు పసుపు కొట్టడానికి వచ్చిన అమ్మలక్కలు గంటలు రాయించుకుని సంతకాలు అడిగితే ఎలా ఉంటుంది? మా అమ్మాయి మోచేత్తో పొడిచింది, నవ్వకమ్మా, అందరూ చూస్తున్నారని.

ఆ తొమ్మిదిమంది మా ఇంటికి రావడానికి కారణం మంచు. జనవరిలో ఒకనాడు పిల్లలు బడికి వెళ్ళాక కురవడం మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా మెట్లు కనపడకుండా పోయాయి. బస్సులు కదల్లేదు. బడికి దగ్గర ఇల్లు మాదే. మా మనవరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, మేము రావచ్చా? మేమంటే, అందరం" అంది. రమ్మన్నాను. గుమ్మంలో తొమ్మిది జతల బూట్లు మంచు కారుతూ నిలబడ్డాయి. మా ఇంటి గుమ్మం అంత నిండుగా అంతకు ముందు నేను చూడలేదు.

ఇంట్లో ఏముంది? పులిసిన దోసెల పిండి ఉంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఇంత జీలకర్ర కలిపి పునుగులు వేశాను. ఒక వాయి తీయడం, తొమ్మిది చేతులు రావడం, గిన్నె ఖాళీ అవడం. ఒక అబ్బాయి కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే పన్నెండు తిన్నాడు. నన్ను ఏమని పిలవాలని అడిగారట మా మనవరాలిని. అది నన్ను పిలిచే మాటే చెప్పింది. ఆ రోజు నుంచి తొమ్మిదిమందికీ నేను అమ్మమ్మనే.

వాళ్ళలో ఒక పొడుగు పిల్ల ఉంది. అందరికంటే జానెడు ఎత్తు, మాట తక్కువ. తను రెండు తిని నాలుగు కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకోవడం నా కంట పడింది. ఎవరికమ్మా అని మనవరాలి చేత అడిగించాను. ఇంట్లో ముగ్గురు చిన్నవాళ్ళున్నారట. తండ్రి లారీ తోలుతూ వారాల తరబడి దూరాన ఉంటాడు. తల్లి ముసలివాళ్ళ హోమ్‌లో పనిచేస్తుంది, షిఫ్టులు. బడి వదలగానే ఆ ముగ్గురినీ తెచ్చుకోవడం, తినిపించడం, పడుకోబెట్టడం అన్నీ ఈ పిల్లే. జేబులోవి తీయించి, డబ్బా నిండా వేడివి పెట్టి ఇచ్చాను. ఆ డబ్బా మర్నాడు కడిగి, తుడిచి, తిరిగొచ్చింది. అందులో మూడు కాగితాలున్నాయి, మూడింటి మీదా రంగు పెన్సిళ్ళతో గుండ్రాలు. పునుగుల బొమ్మలన్నమాట.

వాళ్ళు వెళ్ళేలోపు నేనింకో పని చేశాను. బేస్‌మెంట్ మెట్ల దగ్గర తలుపు చట్రానికి ఒక్కొక్కరినీ ఆనించి నిలబెట్టి, తల మీద అట్లకాడ అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీశాను. మా అమ్మాయి చిన్నప్పుడు అలాగే గీసేదాన్ని. తొమ్మిది గీతలు, అన్నిటికంటే పైన పొడుగు పిల్లది. సాయంత్రం మా అమ్మాయి చూసి, రేపు ఇల్లు అమ్మాలంటే ఇదంతా పెయింట్ ఎవరు వేయిస్తారమ్మా అంది. అమ్మినప్పుడు చూద్దాంలే అన్నాను.

ఆ గీతలు పాతబడకముందే కరోనా వచ్చింది. బళ్ళు మూశారు. క్లాసు మా భోజనాల బల్ల మీదికి వచ్చింది, కంప్యూటర్‌లో తొమ్మిది గళ్ళు, పదో గడిలో టీచరమ్మ. నేను మనవరాలి వెనక కుర్చీ వేసుకుని కూరలు తరుక్కుంటూ వినేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా కూర్చునేదాన్ని. పిల్లల్ని వాళ్ళ వెనక ఉన్నవాటితో గుర్తుపట్టేదాన్ని. ఒకడి వెనక పిట్టల పంజరం. ఒకమ్మాయి వెనక రెండంతస్తుల మంచం, పై మంచంలోంచి వేలాడే ఎవరిదో కాలు. పొడుగు పిల్ల వెనక ఫ్రిజ్. వంటింట్లో కూర్చుని చదివేది. చంకలో ఒకడు, కాళ్ళ దగ్గర ఒకతె, మూడోవాడు ఫ్రిజ్ తెరిచి మూసి తెరిచి మూసి. లెక్క చెబుతూనే ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగేది.

టీచరమ్మ రోజూ హాజరు వేస్తూ చివర్లో, అమ్మమ్మ ఉందా అని అడిగేది. నేను కూరగాయల కత్తి పైకెత్తి చూపించేదాన్ని. తొమ్మిది గళ్ళూ నవ్వేవి. ఆ ఏడాదిన్నర ఇంట్లో అందరం బిక్కుబిక్కుమంటూ ఉన్న మాట నిజం. కానీ తొమ్మిదో తరగతి సగం, పదో తరగతి చాలావరకు నేను కూడా చదివానని ఇప్పటికీ చెప్పుకుంటాను. నాకు మార్కులే ఇవ్వలేదు.

పదకొండో తరగతికి మూతికి గుడ్డలతో మళ్ళీ బడికి వెళ్ళారు. ఆ చలికాలంలోనే మా బేస్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలు దిగారు. మన తెలుగు పిల్లలే, ఇక్కడి కాలేజీలకు వచ్చినవాళ్ళు. ఆ రెండేళ్ళలో ఎంతమంది వచ్చారో! బస్సెక్కితే వెనక సీట్లన్నీ తెలుగే. చిన్న కాఫీ కొట్టులో ఒక్క ఉద్యోగం ఉందంటే చాలు, బయట మంచులో రెజ్యూమేలు పట్టుకుని వరస. మా నలుగురిలో ఇద్దరికి గోడౌన్‌లో పని దొరికింది. మిగిలిన ఇద్దరిలో ఒకతిది ఒంగోలు దగ్గర, నోరు మూతపడదు. రెండోదానిది కరీంనగర్ వైపు. తెలివైన పిల్ల, కానీ ఇంగ్లీషులో ఎవరైనా పలకరిస్తే గొంతు లోపలికి పోతుంది. నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్ళి నాలుగు చోట్లా తల దించుకుని తిరిగొచ్చింది. బస్సు డ్రైవర్‌ని దారి అడగలేక, దిగాల్సిన చోట దిగక, చలిలో రెండు మైళ్ళు నడిచొచ్చిన రోజు కూడా ఉంది.

ఇక్కడ ఇది ఇలా ఉంటే, అక్కడ క్లాసులో అందరి గంటలూ నిండుతున్నాయి. ఒకరు లైబ్రరీలో పుస్తకాలు సర్దారు, ఒకరు ముసలివాళ్ళ వాకిళ్ళలో మంచు తీశారు, మా మనవరాలు పిల్లలకి ఈత నేర్పేచోట నిలబడింది. పొడుగు పిల్లవి మాత్రం సున్నా. పొద్దుట లేచింది మొదలు పడుకునేదాకా చాకిరీ చేసే పిల్లకి సున్నా! ఇంట్లోవాళ్ళకి చేసింది సేవ కాదట. బయటివాళ్ళకి చేద్దామంటే ఆ ముగ్గురినీ ఎవరి మీద వదిలి వెళుతుంది? టీచరమ్మ దిగులు పడుతోందని మనవరాలు చెప్పింది.

ఒక శనివారం ఆ పిల్ల ముగ్గురినీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కింద నుంచి కరీంనగర్ అమ్మాయి పైకొచ్చి, ఇంకో చోట కూడా కాదన్నారమ్మమ్మా అంది. ఇటు చూస్తే ఈ పిల్ల, అటు చూస్తే ఆ పిల్ల. నా చేతిలో చిల్లుల గరిటె. అప్పుడు తట్టింది నాకు. మనవరాలిని పిలిచి పొడుగు పిల్లకి చెప్పమన్నాను.

"నీ పిల్లల్ని నేను చూస్తాను. నా పిల్లల్ని నువ్వు చూడు."

టీచరమ్మని అడిగితే, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో మాట నేర్పడం కంటే మంచి పని ఏముంటుంది, తప్పకుండా చేయమంది. శనివారానికి రెండు గంటలు, ఇరవై శనివారాలు. షిఫ్టులూ జలుబులూ పరీక్షలూ అడ్డం వచ్చి ఏడాది పైనే పట్టిందనుకోండి. ముగ్గురు చిన్నవాళ్ళు నా దగ్గర పిండి ముద్దలతో పాములు చేసుకునేవాళ్ళు. భోజనాల బల్ల దగ్గర ఆ పిల్ల క్లాసు నడిపేది.

అబ్బో, ఏం క్లాసని! మాట తక్కువ పిల్ల అనుకున్నాం కదా, అక్కడ కూర్చుంటే పెద్ద మేడమ్. బల్ల అవతల నన్ను కూర్చోబెట్టి, శాలువా సర్ది, నువ్వు మేనేజర్‌వి అంది. నాకు ఒకే ఒక్క ప్రశ్న నేర్పింది. వై యూ వాంట్ జాబ్? నేను గంభీరంగా అడిగేదాన్ని. కరీంనగర్ అమ్మాయి తల దించుకుని ఒళ్ళో చేతులు చూసుకుంటూ ఏదో అనేది. ఒంగోలు అమ్మాయి పక్కన కూర్చుని పొట్ట పట్టుకునేది.

"ఏందక్కా, నన్ను జూసి అట్ల నవ్వుతున్నవ్?"

"నవ్వక? జాబ్ ఇమ్మంటే దొంగతనం ఒప్పుకుంటున్నట్టు కూర్చుంటావేంటే!"

"నువ్వు మాత్రం? ముక్కముక్కకు సర్, సర్. అమ్మమ్మను వట్టుకొని సర్ అంటున్నవ్."

"మేనేజర్ కదే మరి. ఏం సర్, నిజమేనా సర్?" అని నా వైపు తిరిగేది.

పొడుగు పిల్లకి తెలుగు రాదు, తగువని మాత్రం తెలిసిపోయేది. బల్ల మీద వేలితో రెండు దెబ్బలు కొట్టేది. మళ్ళీ మొదటి నుంచి అన్నమాట. దాని పద్ధతి ఒకటే, ఎదుటి మనిషి నుదుటి మీద ఒక చుక్క ఉందనుకుని దాన్ని చూస్తూ మాట్లాడాలి. గడ్డం దిగితే వేలితో ఎత్తేది. నా నుదుట నిజంగానే బొట్టు ఉంది కాబట్టి నాతో సాధన సులువు. ఒంగోలు అమ్మాయి సర్ అన్నప్పుడల్లా ఒక గిన్నె కడగాలని శిక్ష. ఆ చలికాలమంతా మా ఇంట్లో గిన్నెలు తళతళలాడాయి.

ఆ పిల్ల కూడా మా దగ్గర ఒక తెలుగు వాక్యం నేర్చుకుంది. లోపలికి వస్తూనే బూట్లు విప్పుతూ అడిగేది, "అమ్మమ్మా, పునుగులున్నాయా?"

పన్నెండో తరగతి చలికాలంలో కరీంనగర్ అమ్మాయికి మందుల కొట్టులో ఉద్యోగం వచ్చింది. ఆ మాట వాళ్ళమ్మకి కూడా చెప్పకముందు పొడుగు పిల్లకి చెప్పింది. ఇద్దరూ గుమ్మంలో చేతులు పట్టుకుని గెంతారు. ఒకతి పొడుగు, ఒకతి పొట్టి. ఇల్లు కదిలింది.

ఏప్రిల్‌లో ఇరవయ్యో శనివారం అయింది. సంతకాల కాగితం తెచ్చారు. మనవరాలు ఇంట్లో లేదు, ఒంగోలు అమ్మాయి నింపింది. పేరు, చిరునామా, తేదీలు రాసింది. చివర్లో ఒక గడి దగ్గర పెన్ను ఆపింది.

"నువ్వు ఆ పిల్లకి ఏమవుతావని అడుగుతున్నారు అమ్మమ్మా."

"ఏమవుతానేంటే? అమ్మమ్మనవుతాను. అదే రాయి."

రాసింది. అది తప్పని దానికీ తోచలేదు, నాకూ తోచలేదు. మనం ఊరూపేరూ తెలియని బస్సు కండక్టర్ని అన్నయ్యా అంటాం, కూరలామెని పిన్నీ అంటాం. నాలుగేళ్ళు తిండి పెట్టిన పిల్లకి అమ్మమ్మని కాక ఇంకేమవుతాను? తెలుగులో, తలకట్లన్నీ సరిగ్గా పెట్టి, సంతకం చేశాను. నా జన్మలో అంత ముచ్చటగా చేసిన సంతకం లేదు.

మే నెలాఖరున ఆ పిల్ల వచ్చింది. పునుగులున్నాయా అని అడగలేదు. గుమ్మంలో బల్ల మీద బూట్లతోనే కూర్చుని కాగితం మా మనవరాలి చేతికిచ్చింది. చదివి, అది నా వైపు చూసింది. సొంత ఇంట్లో, సొంత అమ్మమ్మ కింద చేసిన పని కాబట్టి ఆ నలభై గంటలూ చెల్లవట. పట్టాల రోజు మూడు వారాల్లో ఉంది.

ఆ గడిలో అమ్మమ్మ అని రాయించింది నేనే. ఆ పిల్ల నన్నే ఓదార్చింది. పరవాలేదు, ఎండాకాలంలో మళ్ళీ చేస్తాను, పట్టా పోస్టులో వస్తుంది, ఎనిమిదిమందీ నడుస్తుంటే కింద కూర్చుని చప్పట్లు కొడతాను అందట. మా మనవరాలు ఆ మాట తెలుగులో చెప్పలేక చెప్పలేక చెప్పింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇది సింపుల్ అమ్మమ్మా. నువ్వు ఆఫీస్‌కి వచ్చి, తను నీ ఫ్యామిలీ కాదని చెప్పు. అంతే" అంది.

దానికి సింపులే. నా చిన్నప్పుడు మా నాయనమ్మ, వాళ్ళ చెల్లెలు ఏదో పంపకం దగ్గర మాటా మాటా అనుకుని, కళ్ళంలో నలుగురి ముందు, నువ్వు నాకేమీ కావు అని ఒకరినొకరు అన్నారు. ఆ తర్వాత ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. మా ఇళ్ళలో ఆ మాట కత్తి లాంటిది. దాన్ని నేను ఈ పిల్ల మీద ఎత్తాలి. ఎత్తకపోతే పిల్ల ఎనిమిదిమంది వెనక మిగిలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. నేను, మనవరాలు, పొడుగు పిల్ల, టీచరమ్మ. ఒంగోలు అమ్మాయి, తప్పు నా చేతి రాతలో ఉంది కదా అంటూ వచ్చింది. కరీంనగర్ అమ్మాయి డ్యూటీకి వెళుతూ, చొక్కాకి మందుల కొట్టు బిళ్ళతోనే దిగింది. ఆఫీసులో వైస్ ప్రిన్సిపాల్ ఒకాయన, బక్కపలచటి మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. మర్యాదస్తుడే. ఇంతమందికి కుర్చీల్లేవని నొచ్చుకున్నాడు.

మొదట, ఈ ఇరవై శనివారాలూ నిజంగా జరిగాయా అని అడిగాడు. జరగకపోవడమేమిటి? చెప్పడం మొదలుపెట్టాను. మొదటి శనివారం పునుగులు, పొడుగు పిల్ల తమ్ముడు పిండి గిన్నె బోర్లించాడు. రెండో శనివారం అటుకుల ఉప్మా, కరెంటు పోయింది. మూడోది గడ్డకట్టే వాన, నిమ్మకాయ పులిహోర, ఒంగోలు అమ్మాయి పదకొండుసార్లు సర్ అంది. మనవరాలు ఇంగ్లీషు చేస్తూ చేస్తూ ఎనిమిదో శనివారానికి అలిసిపోయింది. ఆయన చాలు చాలన్నట్టు చెయ్యెత్తాడు. శనివారాల సంగతి నమ్ముతున్నాను, సంగతల్లా ఆ గడిలో అమ్మమ్మ అని ఎందుకుంది అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నేను కొంగు చివర వేలికి చుట్టుకున్నాను.

అప్పుడు కరీంనగర్ అమ్మాయి లేచింది. గడ్డం ఎత్తింది. ఆయన నుదుటి మీద, కళ్ళజోడు ఉన్నచోట చూపు నిలిపింది. ఇంగ్లీషులో మాట్లాడింది, నిదానంగా, ఎక్కడా తడబడకుండా. నాకు తర్వాత చెప్పారు ఏమందో. ఆ గంటలు అమ్మమ్మకి చేసినవి కావు, నాకు చేసినవి. నేను ఈ అమ్మాయికి చుట్టాన్ని కాను, సముద్రాలు దాటి వచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో బస్సు డ్రైవర్‌తో మాట్లాడలేక చలిలో నడిచాను. ఇప్పుడు కౌంటర్‌లో నిలబడి, ఏ మందు తిన్నాక వేసుకోవాలో పెద్దవాళ్ళకి నేనే చెబుతున్నాను. చివర్లో ఒక మాట అంది. ఆ మాట మా మనవరాలు నాకు మూడుసార్లు చెప్పింది.

"ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను కదా. ఆ నలభై గంటలంటే ఇదే."

ఆయన చేతిలో కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత నన్నడిగాడు, అసలు మీకు మనవలెంతమందని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కడుపున పుట్టిన కూతురికి పుట్టింది ఒకతె. క్లాసులో ఎనిమిదిమంది. కింద నలుగురు. టీచరమ్మ వెనక నుంచి చెయ్యెత్తి, నన్ను కూడా కలపండి అంది. ఆయన గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే, కాగితానికి ఒక్క జవాబే కావాలమ్మా, ఈ అమ్మాయి మీ కుటుంబమా, అవునా కాదా అన్నాడు.

నేను గోడ వైపు చూశాను.

"నో" అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను. తెలుగులో నా నోటి నుంచి రాలేదు. ఒంగోలు అమ్మాయి కొత్త కాగితం నింపింది. ఆ గడిలో ఇరుగుపొరుగు అని రాయమని టీచరమ్మ చెప్పింది. సంతకం చేశాను, ఈసారి తలకట్లు ముచ్చటగా పడలేదు. ముద్ర పడింది. గంటలు చెల్లాయి.

వరండాలోకి వచ్చాక నేను ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. అదే నా చెయ్యి పట్టుకుంది. వంగి, చెవి దగ్గర అడిగింది, "అమ్మమ్మా, పునుగులున్నాయా?"

పట్టాల రోజు పెద్ద హాలు నిండిపోయింది. పెద్ద బడి పిల్లలందరి వంతూ అయ్యాక మన తొమ్మిదిమందిని పిలిచారు. ఆ చిన్న క్లాసులో ఒక ఆచారం ఉంది. పిల్ల పేరు పిలవగానే ఆ పిల్ల ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. మా మనవరాలి పేరు మూడోది. నేనూ మా అమ్మాయీ అల్లుడూ లేచాం. మా అల్లుడు ఈల వేశాడు. ఇన్నేళ్ళలో ఆయనకి ఈల వచ్చని నాకు తెలియదు.

నాలుగో పేరు పొడుగు పిల్లది. ముందు వరసలో వాళ్ళమ్మ లేచింది, వాళ్ళ నాన్న లేచాడు, ముగ్గురు చిన్నవాళ్ళు కుర్చీలెక్కారు. నేను లేవలేదు. పట్టాలిస్తున్నది ఆ కళ్ళజోడు ఆయనే. మొన్న కాదన్నదాన్ని ఇవాళ లేచి నిలబడితే, ఆ కాగితం మళ్ళీ లాక్కుంటాడేమోనని భయం. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల స్టేజీ మధ్యకి వచ్చి ఆగిపోయింది. ఆయన పట్టా పట్టుకుని ఎదురు చూస్తున్నాడు, అది కదలదు. నా వైపే చూస్తోంది. ఆయన దాని చూపు వెంట చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి హాలంతా వెతికి, నన్ను పట్టుకున్నాడు. అరచెయ్యి పైకి చాపి రెండుసార్లు ఎత్తాడు. లే, లే అన్నట్టు.

లేచాను. ఆ పిల్ల అప్పుడు కదిలింది. పట్టా తీసుకుని, తలెత్తి, నా నుదుటి బొట్టు మీదే చూపు పెట్టి నవ్వింది.

ఇంక నేను కూర్చోలేదు. ఐదో పేరుకి నిలబడ్డాను, ఆరో పేరుకి నిలబడ్డాను. మా అమ్మాయి కొంగు పట్టి లాగింది. "అమ్మా, మోకాళ్ళు."

"ఊరుకోవే, ఇంకా ముగ్గురున్నారు."

తొమ్మిదిమందీ వరసగా నిలబడ్డారు. టీచరమ్మ చెప్పినట్టే అందరూ కలిసే బయటికి నడిచారు.

సాయంత్రం అందరూ ఆ నల్లటి గౌన్లతోనే మా ఇంటికొచ్చారు. గుమ్మంలో బూట్లు కావు, ఈసారి మెరిసే జోళ్ళు. చట్రానికి ఆనించి చివరిసారి గీతలు గీశాను. పంజరం అబ్బాయి మొదటి గీతకి జానెడు పైకి వెళ్ళాడు, అయినా పొడుగు పిల్లని దాటలేదు. అది నా చేతిలోంచి అట్లకాడ తీసుకుని, నన్ను చట్రానికి ఆనించి, నా తల మీద పెట్టి గీత గీసింది. అందరికంటే కింద పదో గీత. మా అమ్మాయి అక్కడే నిలబడి చూసింది, పెయింట్ మాట ఎత్తలేదు. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి, మీరొస్తే చూపిస్తాను.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ గుమ్మంలో చెప్పులు పెట్టడానికి చోటు చాలకుండా ఉండాలి. మీ బాండీలో మొదటి వాయి పొరుగు పిల్లల చేతుల్లోకి, ఆఖరి వాయి మీ నోట్లోకి పోవాలి. మీరు కన్నవాళ్ళూ, కనకపోయినా మిమ్మల్ని నోరారా పిలిచేవాళ్ళూ, అందరూ గట్టెక్కాలి. వాళ్ళ పేర్లు పిలిచినప్పుడు లేచి నిలబడేటంత బలం మీ మోకాళ్ళకుండాలి.